కదలని ఫిరంగి, కనబడని ఓడ

మనమంతా ముంబయి హైవే అని పిలిచే జాతీయ రహదారి 65 మీద పటాన్‌చెరు, ఇస్నాపూర్ దాటుతుంటే లారీలు, ఫ్యాక్టరీ గేట్లు, ఘాటైన మందుల వాసన తప్ప సముద్రాన్ని గుర్తుచేసేదేమీ కనిపించదు. అయితే ఇదే రోడ్డు తూర్పుగా పోయి పోయి మచిలీపట్నంలో ఆగుతుంది. సంగారెడ్డి నుంచి అక్కడికి దాదాపు 400 కిలోమీటర్లు. ఇంత లోపల ఉన్న ఈ జిల్లాలోనే ఓడల మీద బిగించే ఫిరంగి ఒకటి తయారవుతోంది. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ సైన్యానికి ‘సారథ్’ పోరాట వాహనాలు చేస్తుంది. ఆ వాహనం మీదుండే 30 మిల్లీమీటర్ల ఫిరంగినే ఓడలకు సరిపడేలా మార్చి సీఆర్ఎన్-91 అని పేరు పెట్టారు.

ఒకప్పుడు తీరాన్ని కాసే పని ఓడ మీది ఫిరంగిది కాదు, ఒడ్డున నాటిన ఫిరంగిది. విశాఖపట్నంలో బీచ్ రోడ్డు ఓడరేవు వైపు మొదలయ్యే చోటిని ఇప్పటికీ కోస్టల్ బ్యాటరీ అనే అంటారు. నాలుగైదు ఫిరంగులను ఒకే అధికారి కింద, ఒకే లక్ష్యం మీద పేల్చేలా పెడితే దాన్ని బ్యాటరీ అనేవారు.

ఓడ మీద డెబ్బయి ఫిరంగులున్నా ఒడ్డున ఉన్న మూడు నాలుగింటికి ఎందుకు జంకేది? కారణం అల. ఓడ ఒక్క డిగ్రీ ఊగితే చాలు, 2 కిలోమీటర్ల దూరంలో గురి 35 మీటర్లు పైకో కిందికో తప్పుతుంది. శత్రువు బురుజు ఎత్తు అందులో సగం కూడా ఉండదు. ఒడ్డున రాతి అరుగు మీదున్న ఫిరంగికి ఈ బాధ లేదు. మొదటి గుండు ఎక్కడ పడిందో చూసుకుని, రెండోదాన్ని సరిదిద్దుకోవచ్చు. పైగా ఒడ్డున కొలిమి పెట్టి గుండును ఎర్రగా కాల్చి వదలవచ్చు. చెక్క ఓడలో ఆ సాహసం ఎవరు చేస్తారు?

1804 సెప్టెంబరు 15న విశాఖ వాళ్ళు ఈ తేడాను కళ్ళారా చూశారు. ఫ్రెంచి సేనాని లినోయా 74 ఫిరంగుల మరెంగో నౌకతో, మరో రెండు యుద్ధనౌకలతో వచ్చి, 50 ఫిరంగుల బ్రిటిష్ నౌక సెంచూరియన్ మీద పడ్డాడు. సెంచూరియన్‌కు ఒడ్డునున్న ఫిరంగులు తోడు నిలిచాయి. దాని వెంట ఉన్న రెండు వర్తక నౌకల్లో ఒకదాన్ని ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోయారు, ఇంకొకటి ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలింది. సెంచూరియన్ మాత్రం చిక్కలేదు.

పందొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధంలో ఫిరంగి గొట్టాల లోపల మెలితిరిగిన గాడి వచ్చి, గుండు కిలోమీటర్ల కొద్దీ పోవడం మొదలయ్యాక చిక్కంతా దూరం కొలవడంలో పడింది. దీనికి దొరికిన ఉపాయం మన పదో తరగతి లెక్కల పుస్తకంలో ఉంది: నిమ్న కోణం. మీరు నిలబడ్డ కొండ ఎత్తు తెలిస్తే, ఓడ నీటిని తాకే గీత మీ కంటికి ఎంత కోణం కిందుందో చూస్తే, దూరం వచ్చేస్తుంది. వాట్కిన్ అనే బ్రిటిష్ ఫిరంగి దళాధికారి ఈ సూత్రంతోనే పరికరం చేశాడు. అందుకే ఫిరంగి ఎక్కడున్నా, దూరం కొలిచే గూడు మాత్రం దానికంటే పైన ఉండేది.

లెక్క చిన్నదే కానీ మహా మొండిది. 50 మీటర్ల ఎత్తు నుంచి 5 కిలోమీటర్ల దూరంలోని ఓడను చూస్తున్నామనుకోండి. ఆ దూరంలో భూమి వంపు సముద్రాన్ని దాదాపు 2 మీటర్లు కిందికి దించేస్తుంది. దీన్ని లెక్కలోకి తీసుకోకపోతే దూరం సుమారు 190 మీటర్లు తక్కువగా వస్తుంది. నీరు పాటు మీద ఉండి మట్టం ఒక మీటరు తగ్గితే మరో 100 మీటర్ల తప్పు. అంటే ఫిరంగి పేల్చేవాడికి బెస్తవాడికి తెలిసినంతగా ఆటుపోట్లు తెలియాలి. ఇక ఓడ ఆగి ఉండదు. సగటున సెకనుకు 500 మీటర్ల వేగంతో పోయే గుండు 10 కిలోమీటర్లు చేరేలోపు 20 సెకన్లు గడుస్తాయి. గంటకు 20 నాటికల్ మైళ్ళ వేగంతో పోతున్న ఓడ ఈలోగా 200 మీటర్లు జరిగిపోతుంది. గురి పెట్టాల్సింది ఓడకు కాదు, అది చేరబోయే నీళ్ళకు.

ఎత్తు ఎంత ఉంటే చూపు అంత దూరం. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే, సముద్రం ఎన్ని కిలోమీటర్ల వరకు కనబడుతుందో తెలుస్తుంది. 100 మీటర్ల కొండకు దాదాపు 36. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున్న పటాన్‌చెరు పక్కనే సముద్రం ఉండి ఉంటే 83 కిలోమీటర్లు కనిపించేది! ఫిరంగి దళం వాళ్ళు ఈ ఊరిని వదిలేవారు కాదు.

ఇలాంటి శిథిలాలు చూడబోయేవారు ఒక సంగతి గమనించాలి. విశాఖ తీరంలో అక్కడక్కడ కనిపించే రెండో ప్రపంచయుద్ధం నాటి కాంక్రీటు గూళ్ళు ఫిరంగి స్థావరాలు కావు. వాటి కిటికీ సన్నటి చీలిక, మరతుపాకీకి మాత్రమే సరిపోతుంది. ఒడ్డున దిగే సైనికులను ఆపడానికి కట్టినవవి. పెద్ద ఫిరంగి ఉన్నచోట గుండ్రటి అరుగు, దాన్ని బిగించిన బోల్టుల వలయం, నేలకింద మందుగుండు గది ఉంటాయి. గొట్టం మొత్తం సముద్రం వైపే తిరిగేలా ఉండటం అన్నిటికంటే పెద్ద ఆనవాలు.

అసలు బలహీనతా అదే. బందరు (మచిలీపట్నం) కోట 1759 ఏప్రిల్‌లో పడిపోయింది సముద్రం వైపు నుంచి కాదు. బ్రిటిష్ కల్నల్ ఫోర్డ్ సేన రాత్రివేళ బురద నేల దాటి భూమి వైపు నుంచి చొరబడింది. తెల్లారేసరికి ఫ్రెంచి అధికారి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. సాయానికి బయల్దేరిన హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ సైన్యం అప్పటికి ఎంతో దూరంలో లేదు. ఆ తర్వాత దాదాపు రెండు శతాబ్దాలకు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు కాకినాడ మీద, విశాఖ మీద బాంబులు వేశాయి. నౌక దిగంతం అవతలే ఉంది. ఒడ్డున ఎంత మంచి గురికాడున్నా కనబడని ఓడను కొట్టలేడు, కనబడే విమానం వైపు ఆ గొట్టం అంత పైకి లేవదు. 1956లో బ్రిటన్ తన తీర ఫిరంగి దళాన్నే ఎత్తేసింది.

ఇప్పుడు ఓడ ఊగినా ఫిరంగి ఊగకుండా పట్టే గైరోస్కోపులున్నాయి. లేజర్ కాంతి 5 కిలోమీటర్లు వెళ్ళి తిరిగి రావడానికి సెకనులో ముప్పై వేలో వంతు చాలు. దానికి భూమి వంపూ అక్కర్లేదు, పాటూ అక్కర్లేదు. ఒడ్డునుంచి కొట్టే పద్ధతి కూడా పోలేదు, చక్రాలెక్కింది. 2023 మార్చిలో రక్షణశాఖ 1,700 కోట్ల రూపాయలకు పైగా విలువతో కదిలే బ్రహ్మోస్ తీర బ్యాటరీలకు ఒప్పందం చేసుకుంది. ఈ క్షిపణి వందల కిలోమీటర్లు పోతుంది, కానీ 100 మీటర్ల ఎత్తున పెట్టిన రాడారుకు నీటి మట్టం కనబడేది 41 కిలోమీటర్ల వరకే. మిగతా దూరం చూసిపెట్టే పని విమానాలది, ఉపగ్రహాలది.