బెరుకు కుక్కకు ఆటే ధైర్యం

కాలింగ్ బెల్ మోగితే మంచం కిందికి దూరుతుంది. చుట్టాలొస్తే బాల్కనీ మూలకు చేరి వణుకుతుంది. లిఫ్ట్ ఎక్కమంటే నాలుగు కాళ్లూ బిగబట్టి కదలనంటుంది. ఇలాంటి కుక్కను చూసి ‘దీనికి మేమంటే ఇష్టం లేదేమో’ అని ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారు. కొందరు విసిగిపోయి ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటారు. నిజానికి దానికి లేనిది ఇష్టం కాదు, ధైర్యం. అది బెదిరిస్తే రాదు. చిన్న చిన్న ఆటల్లో గెలుస్తూ ఉంటే వస్తుంది.

ఎందుకీ బెదురు?

కుక్కపిల్లలు దాదాపు 3 నుంచి 14 వారాల వయసులో లోకాన్ని పరిచయం చేసుకుంటాయి. అప్పుడు కొత్త మనుషులు, వాహనాలు, కుక్కర్ విజిల్, మిక్సీ చప్పుడు అలవాటు కాకపోతే పెద్దయ్యాక వాటికి బెదురుతాయి. దెబ్బలు తిన్నవి, పుట్టుకతోనే బెరుకుగా ఉండేవి కూడా ఉంటాయి. అయితే అంతవరకూ హుషారుగా ఉన్న కుక్క హఠాత్తుగా ముడుచుకుపోతే ముందు పశువైద్యులకు చూపించండి. కీళ్లనొప్పి, చెవిలో ఇన్ఫెక్షన్, చూపు తగ్గడం వంటివి కారణం కావచ్చు.

అది చెప్పేది వినండి

తోక కాళ్ల మధ్యకు ముడుచుకోవడం, తిండి లేకపోయినా మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, కళ్లలో తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం... ఇవన్నీ ‘కాస్త దూరంగా ఉండండి’ అని చెప్పడమే. పట్టించుకోకుండా ఎత్తుకున్నా, మూలకు తరిమినా కరిచే ప్రమాదం ఉంది. గుర్రుమంటే కొట్టకండి. ఆ హెచ్చరిక మానేసిన కుక్క తర్వాత నేరుగా కరవొచ్చు.

మొదటి పాఠం

రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. నేలమీద పక్కకు తిరిగి కూర్చోండి. ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు దగ్గర పెట్టుకోండి. పేరు పిలవగానే మీ వైపు చూస్తే ఒక ముక్క ఇవ్వండి. తర్వాత అరచెయ్యి చాపి, తనంతట తాను ముక్కుతో తాకితే మరో ముక్క. జపాన్‌లోని అజాబు విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, యజమాని కళ్లలోకి ఎక్కువసేపు చూసిన కుక్కల్లోనూ, ఆ యజమానుల్లోనూ ఆక్సిటోసిన్ హార్మోన్ పెరిగినట్లు తేలింది. తల్లీబిడ్డల అనుబంధంలో పాత్ర ఉన్న హార్మోన్ ఇదే. అలాగని బెరుకు కుక్కను మీరే గుచ్చిగుచ్చి చూడకండి. చూపు దాని వైపు నుంచే రావాలి.

అడ్డంకులు దాటే ఆట

1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ డాగ్ షోలో, గుర్రాల జంపింగ్ పోటీల తరహాలో కుక్కలతో అడ్డంకులు దాటించారు. అదే అజిలిటీ క్రీడగా ఎదిగింది. ఇందులో యజమాని కుక్కను ముట్టుకోకూడదు. మాటతో, చేతి సైగతోనే నడిపించాలి. అందుకే కుక్క మనల్ని గమనించడం, నమ్మడం నేర్చుకుంటుంది.

పోటీలకు వెళ్లక్కర్లేదు, హాల్లోనే మొదలుపెట్టొచ్చు.

• చీపురుకర్ర నేలమీద పెట్టి దాటించండి. అలవాటయ్యాక ఒక ఇటుక ఎత్తుకు పెంచండి.

• డైనింగ్ టేబుల్ మీద దుప్పటి కప్పితే సొరంగం రెడీ. రెండు వైపులా తెరిచి ఉంచి, అవతల కూర్చుని పిలవండి.

• ప్లాస్టిక్ స్టూళ్లు వరుసగా పెట్టి వాటి మధ్య నుంచి వంకర్లు తిప్పుతూ నడిపించండి.

తోయకండి, లాగకండి. సగం దూరం వచ్చి వెనక్కి వెళ్లినా ఆ సగానికే మెచ్చుకోండి. ఇంకా ఆడాలని ఉన్నప్పుడే ఆట ఆపేయండి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

ఎముకలు గట్టిపడేదాకా ఎత్తు జంప్‌లు వద్దు. పెద్ద జాతులకు ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. టైల్స్ మీద జారకుండా మ్యాట్ వేయండి. ఎండాకాలంలో తెల్లవారుజామునే ఆడించండి. పగ్, షిట్‌జూ వంటి పొట్టి ముక్కు జాతులు త్వరగా ఆయాసపడతాయి, వాటికి మరీ తక్కువసేపు చాలు. తిన్న వెంటనే పరుగులు వద్దు. పిల్లలు ఆడిస్తుంటే పెద్దలు పక్కనే ఉండాలి. రేబిస్ టీకా గడువు దాటనివ్వకండి. వారాల తరబడి ప్రయత్నించినా భయం తగ్గకపోతే పశువైద్యుల సలహా తీసుకోండి.

కొన్నాళ్లకు కాలింగ్ బెల్ మోగినప్పుడు అది మళ్లీ ఉలిక్కిపడొచ్చు. కానీ మంచం కిందికి పరుగెత్తే ముందు ఒక్కసారి మీ ముఖంలోకి చూస్తే, మిమ్మల్ని నమ్మడం మొదలుపెట్టినట్టే.