పన్ను రాయితీ: పట్టణానికి లాభమెంత, భారమెంత?

యానాం మంగళవారం సంతకు పేరు రావడానికి సరుకులతో పాటు సరిహద్దు కూడా కారణమే. ఫ్రెంచి పాలనలో ఇక్కడి సుంకాలు చుట్టూ ఉన్న బ్రిటిషు ప్రాంతపు సుంకాలకు భిన్నంగా ఉండేవి. అందువల్ల పొరుగు గ్రామాల ప్రజలు విదేశీ వస్తువుల కోసం ఈ సంతకు వచ్చేవారు. 1954లో ఫ్రెంచి పాలన ముగిసినా యానాం పుదుచ్చేరిలో భాగంగానే కొనసాగింది. అమ్మకపు పన్నులోని తేడా రూపంలో ఆ ఆకర్షణ మరికొంత కాలం నిలిచింది.

2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలులోకి వచ్చాక ఈ పరిస్థితి మారింది. ఒక వస్తువుపై కాకినాడలో ఎంత పన్నో యానాంలోనూ అంతే. ఆ రేట్లను ఏ పట్టణమూ తనకు తానుగా తగ్గించుకోలేదు. పెట్రోలు, డీజిలు, మద్యం ఈ విధానానికి వెలుపల ఉన్నప్పటికీ, వాటిపై అమ్మకపు పన్ను నిర్ణయించేది పుదుచ్చేరి ప్రభుత్వమే గాని మునిసిపాలిటీ కాదు. కనుక వస్త్రాలు, గృహోపకరణాలు, కిరాణా వంటి చిల్లర వర్తకాన్ని రప్పించడానికీ, శిథిలమైన అంగళ్ల స్థానంలో కొత్త కట్టడాలను ప్రోత్సహించడానికీ స్థానికంగా మిగిలిన పన్ను సాధనాలు కొద్ది. వాటిలో ముఖ్యమైనది ఇంటి పన్ను.

రాజ్యాంగంలోని 243-ఎక్స్ అధికరణం ప్రకారం మునిసిపాలిటీ శాసనసభ చట్టం అనుమతించిన పన్నులను మాత్రమే, అందులో నిర్దేశించిన పద్ధతిలో విధించగలదు. రాయితీ కూడా చట్టానికి లోబడే ఉండాలి.

రాయితీని రెండు విధాలుగా ఊహించవచ్చు. ఉదాహరణకు, ఒక పాత అంగడిపై ఏటా 10,000 రూపాయల పన్ను వస్తున్నదనుకుందాం. దానిని పడగొట్టి కట్టిన కొత్త భవనంపై పన్ను 40,000 అయింది. మూడేళ్లపాటు పన్ను మొత్తం మాఫీ చేస్తే పట్టణం 1,20,000 రూపాయలు వదులుకుంటుంది. అంతకుముందు వస్తున్న పదివేలు కూడా రావు. అలాకాక పెరిగిన 30,000లో మాత్రమే మొదటి ఏడు మొత్తం, రెండో ఏడు 20,000, మూడో ఏడు 10,000 తగ్గిస్తే, వదులుకునేది 60,000. పాత ఆదాయం ఒక్క ఏడు కూడా ఆగదు. నాలుగో ఏట పూర్తి పన్ను వస్తుంది.

పెరిగిన పన్నునే పునరభివృద్ధికి వినియోగించే పద్ధతి అమెరికాలోని కాలిఫోర్నియాలో 1952లో మొదలైంది. అక్కడ పన్నును మాఫీ చేయక, ఆ ప్రాంతపు పనులకే ఖర్చు చేసేవారు. పాఠశాలలకు చేరవలసిన సొమ్ము పక్కకు పోతున్నదన్న విమర్శ, బడ్జెట్ లోటు తోడై, ఆ పనులు చూసే సంస్థలను 2012లో రద్దు చేశారు. పన్ను ఎంత వదులుకున్నా, ఎటు మళ్లించినా, ఆ మేరకు మరొక ప్రజావసరానికి కోత పడుతుంది. మన వీధుల్లో ఆ కోత కాలువల పూడికతీతకు, దీపాలకు, పారిశుద్ధ్యానికి తగులుతుంది.

రాయితీ ఇచ్చే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. రాయితీ లేకపోయినా ఆ అంగడి వచ్చేదేనా? వచ్చేదైతే వదులుకున్న పన్ను వృథా. రెండవది, ఇప్పటికే ఉన్న వర్తకుని సంగతేమిటి? పెద్ద దుకాణానికి పన్ను తగ్గి, పక్కనే ఇరవై ఏళ్లుగా పూర్తి పన్ను కడుతున్న చిన్న దుకాణదారునికి ఏమీ దక్కకపోతే, అతని పన్నుతో వేసిన రోడ్డే అతని పోటీదారుకు ఉపకరిస్తుంది. కనుక పాత అంగడిని బాగుచేసుకునే స్థానిక యజమానికీ అదే రాయితీ వర్తించాలి.

పొరుగు ఊరు కూడా పన్ను తగ్గిస్తే రాయితీ ఆకర్షణ పోతుంది. గౌతమిపై యానాం–ఎదుర్లంక వారధి మాత్రం అలా పోయేది కాదు. కోనసీమ కొనుగోలుదారుని నేటికీ ఇక్కడికి చేరుస్తున్నది. సంతలో నీడ, మరుగుదొడ్లు, వాహనాలు నిలిపే చోటు, వర్షానికి మునగని దారి కూడా అటువంటివే. వాటికయ్యే ఖర్చు పన్ను నుంచే రావాలి. అందుకే రాయితీ ఎవరికి, ఎంత, ఏ తేదీ వరకు, ఏ షరతులపై ఇచ్చారో ఏటా పౌరులందరికీ తెలిసేలా ప్రకటించడం అవసరం.