జీన్సు పంట్లాము చినిగిన తరువాత

జీన్సు పంట్లాము చినిగినదని మనము చెప్పునప్పుడు నిజముగా చినిగినది అందులో స్వల్పభాగము మాత్రమే. మోకాళ్లయొద్ద గుడ్డ పలుచనై తెల్లబడును. కూర్చుండు చోటను, తొడల లోపలి వైపునను ఒరపిడిచే పోగులు విడిపోవును. పాదములయొద్ద అంచు నేలకు రాచుకొని పీచుపీచగును. తక్కిన భాగము, ముఖ్యముగా పిక్కల వెనుక నుండు గుడ్డయు, నడుముపట్టీయు, వెనుక జేబులచే కప్పబడిన చోటును, కొన్ననాటి గట్టితనమును చాలవరకు నిలుపుకొనియే యుండును. ఈ సంగతి నెరిగినవారు కత్తెర పట్టినచో పనికివచ్చు వస్తువు తయారగును. ఎరుగనివారు పట్టినచో ఒక చింపిగుడ్డ రెండు చింపిగుడ్డలగును. కావున ఏమేమి చేయవచ్చునో చెప్పుటకు ముందు ఈ గుడ్డ యెట్టిదో చెప్పెదను.

డెనిము అనబడు ఈ నూలుగుడ్డకు పడుగు నీలము, పేక తెలుపు. సాదా నేతలో పేకపోగు ఒక పడుగుపోగు మీదుగాను, దాని ప్రక్కపోగు క్రిందుగాను పోవును. డెనిమునందు పేక సాధారణముగా మూడు పడుగుపోగుల క్రిందుగా పోయి ఒకదాని మీదుగా వచ్చును. వరుసవరుసకును ఈ క్రమము ఒక పోగు ప్రక్కకు జరుగును. అందుచేతనే గుడ్డమీద ఏటవాలు గీతలు కనుపించును. బయటివైపు నీలముగాను, లోపలివైపు తెల్లగాను ఉండును. పోగులు దట్టముగా ఇమిడియుండుటవలన గుడ్డ దళసరియై చాలకాలము మన్నును. నీలిమందు పోగు నడుమకు చొరక పైపైన పొరగా నిలుచును గనుక, ఒరిసిన చోట ఆ పొర లేచిపోయి లోపలి తెలుపు బయటపడును. అనగా వెలిసిన రంగే మనకు పటమువంటిది: ఎక్కడ తెలుపో అక్కడ అరుగుదల. అయితే ఈ కాలపు కర్మాగారములలో క్రొత్త పంట్లాములనే రాళ్లతో కలిపి ఉతికియో, గరుకు కాగితముతో రుద్దియో వెలిసినట్లు చేయుచున్నారు గాన రంగునొక్కదానినే నమ్మరాదు. గుడ్డను వెలుతురునకెత్తి చూడుడు. వెలుతురు చుక్కలుచుక్కలుగా దిగివచ్చు భాగమును విడిచివేయుడు.

ఈ పంట్లాము పుట్టినది అమెరికాలో. నెవాడా రాష్ట్రమున రీనో అను ఊరిలోని జేకబ్ డేవిస్ అను దర్జీయు, సాన్‌ఫ్రాన్సిస్కో బట్టల వర్తకుడగు లీవై స్ట్రౌసును, జేబు మూలలు చినుగకుండ రాగిమొలలు బిగించు పద్ధతికి 1873వ సంవత్సరము మే 20వ తేదీన హక్కుపత్రము పొందిరి. దాని రంగునకు మాత్రము మన దేశముతో పాతచుట్టరికము గలదు. ప్రాచీన గ్రీకులు నీలిమందును ఇండియా పేరిటనే పిలిచిరి. 1897లో ఒక జర్మనీ కర్మాగారము రసాయన పద్ధతిని చేసిన నీలిని అమ్మకమునకు తెచ్చినది మొదలు చెట్టునీలి వ్యాపారము క్షీణించెను. నేడు మనము తొడుగు జీన్సుల రంగు చాలమట్టుకు ఆ రసాయనపు నీలియే.

ఇట్టి గుడ్డను పారవేయుట ఎంత నష్టమో ఒక లెక్క చూచిన తెలియును. లీవై స్ట్రౌసు కంపెనీవారు 2015లో ప్రకటించిన పరిశోధన ప్రకారము ఒక్క పంట్లాము జీవితకాలమంతటికిని సుమారు 3,800 లీటర్ల నీరు వ్యయమగుచున్నది. అందులో నూటికి 68 వంతులు పత్తి పండించుటకును, 23 వంతులు ఇంటిలో ఉతుకుటకును పోవును. పత్తి చేనికి పెట్టిన నీటిని మరల రాబట్టలేము. ఆ నీటితో పండిన పోగును మాత్రము మరికొన్నియేండ్లు పనిచేయించగలము.

పనిబట్టలను ఈ విధముగా వాడుకొన్నవారిలో అలబామా రాష్ట్రమునందలి గీస్ బెండ్ అను పల్లెలోని నల్లజాతి స్త్రీలను మొదట చెప్పవలెను. కౌలుసేద్యము చేసి బ్రదికిన బీదకుటుంబములవి. చలికాలమున కప్పుకొనుటకు బొంతలు కావలెను, క్రొత్తగుడ్డ కొనుటకు డబ్బు లేదు. 1942లో మిస్సోరీ పెట్‌వే అను నామె, గతించిన తన భర్త పొలములో తొడిగిన బట్టలను కోసి ఒక బొంత కుట్టెను. ఆయనను తలచుకొనుచు కప్పుకొనుటకే దానిని కుట్టినదని ఆమె కుమార్తె తరువాతికాలమున చెప్పెను. ఆ పల్లెలోని కొన్ని బొంతలను పరికించినచో, వెలిసిన గుడ్డ నడుమ జేబు ఊడదీసిన చోటు ముదురునీలపు పలకవలె కనుపించును. దానిని వారు దాచిపెట్టలేదు. 2002లో హ్యూస్టను నగరపు లలితకళాశాలలో ఈ బొంతలను గోడలకు వ్రేలాడదీసి ప్రదర్శించిరి. 2006లో వాని బొమ్మలు అమెరికా తపాలాబిళ్లలపై నెక్కెను. పాతచీరెలతో బొంతలు కుట్టిన మన అవ్వలు ఈ మాట విన్నచో ఆశ్చర్యపడరనియే నా తలంపు.

ఇక పనిలోనికి దిగుదము. మొదట పంట్లామును ఉతికి ఆరవేసి, ఒక పోగును లాగి, పెద్దవారి యెదుట నీళ్లగిన్నెపై పట్టుకారుతో నిలిపి అంటించి చూడవలెను. కాగితము కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగిలినచో అది నూలు. కరగి గట్టి పూసవలె ముద్దకట్టినచో అందు కృత్రిమపు పోగు కలదు. పడుగును, పేకను వేరువేరుగా పరీక్షింపుడు. ఏలయన సాగెడు జీన్సులలో సాగు పోగు తరచుగా పేకయందే యుండును. సాగు గుడ్డను, సాగని గుడ్డను ఒకే వస్తువులో కలుపరాదు. కలిపినచో కుట్టు ముడుతలు పడును.

రెండవ మెలకువ పోగుదారిని గూర్చినది. ఏటవాలు నేతగుడ్డ ఉతికినకొలది మెలిపడు స్వభావము గలది గాన, పంట్లాము కాలి కుట్టు వెంబడి కొలిచినచో ముక్క వంకరగా వచ్చును. అంచున ఒక పడుగుపోగును లాగినచో నేర్పడు సన్నని గీతయే మనకు సరియైన రేఖ.

విద్యార్థులకు అన్నిటికంటె ఉపయోగపడునది పుస్తకముల సంచి. రెండు కాళ్లను మోకాలి క్రింద కోయుడు. ప్రతికాలికిని రెండు నిలువు కుట్లుండును. వానిలో జోడుదారముతో మడచికుట్టినది గట్టిది, దానిని ముట్టవద్దు. రెండవదానిని విప్పి పరచినచో ఒక్కొక్క కాలినుండి ఒక్కొక్క వెడల్పాటి ముక్క వచ్చును. రెండిటిని 14 అంగుళముల వెడల్పు, 15 అంగుళముల పొడవు గలవానిగా కత్తిరించి, పాదపు అంచు చిరుగకున్నచో దానినే సంచి మూతిగా నుంచుడు. మరల మడచి కుట్టు శ్రమ తప్పును. నీలపు వైపులు లోపల ఎదురెదురుగా నుండునట్లు పెట్టి, ప్రక్కలను అడుగును అంచునకు అర అంగుళము లోపలగా రెండుసార్లు కుట్టవలెను. పిదప అడుగు మూలను, ప్రక్క కుట్టు అడుగు కుట్టుమీదికి వచ్చునట్లు ముక్కోణముగా నొక్కి, కొననుండి ఒకటిన్నర అంగుళము లోపలగా అడ్డముగా కుట్టినచో సంచికి 3 అంగుళముల అడుగు ఏర్పడును. ఇట్లు చేయని సంచిలో పుస్తకములు ఒకదానినొకటి నెట్టుకొని మూలలు వంగును. నడుముపట్టీ భుజమునకు తగిలించు పట్టెగా సరిపోవును. అది సంచితో కలియు చోట చతురస్రముగా కుట్టి, దాని నడుమ అడ్డగీతలు రెండు వేయవలెను. సంచి మొదట తెగునది అక్కడనే.

మిషనుపై కుట్టువారు 16వ నంబరు సూదిని వాడవలెను. నాలుగైదు మడతలు కలియు చోటును ముందుగా చిన్నసుత్తితో కొట్టి అణచినచో సూది సులభముగా దిగును. రాగిమొలలున్న చోట మిషనును నడుపకుడు. సూది విరిగి కంటిలో పడవచ్చును. చేతికుట్టునకు దారమును మైనముపై నొకసారి లాగుకొనవలెను.

తల్లులు కోరునది మసిగుడ్డ. నూలని తేలిన గుడ్డనే తీసికొని 7 అంగుళముల పలకలు నాలుగు ఒకదానిపై నొకటి పేర్చి, అంగుళమున కొక వరుస చొప్పున కుట్టి, పాతచీరె పట్టీతో అంచు కట్టవలెను. కృత్రిమపు పోగు గలది వేడికి కరగి చేతికంటుకొనును. మసిగుడ్డ తడిసినచో వేడి క్షణములో చేతికెక్కును గాన ఆరిన తరువాతనే వాడవలెను.

పలువురి ఇండ్లలో పంట్లాములు పోగైనప్పుడు తరగతివారందరు కలిసి క్రింద పరచుకొను బొంత కుట్టవచ్చును. ముక్కలను కలిపిన పిమ్మట లోపలి అంచులను రెండువైపులకు విడదీసి ఇస్త్రీ చేయవలెను. ఒకే వైపునకు త్రోసినచో దళసరియై గుచ్చుకొనును. అడుగున పాతచీరె చాలును, లోపల దూది అక్కరలేదు. బొంతయంతట కుట్లు వేయుటకు బదులు నాలుగైదు అంగుళముల కొకచోట దళసరి దారముతో ముడి వేసినను చాలును.

సీసాలకును, పటముల చట్రములకును జీన్సుముక్కలు జిగురుతో అంటించి బల్లపై నిలుపువారు కలరు. అవి రెండు నెలలలో దుమ్ముపట్టి చెత్తబుట్టను చేరును. ఆ జిగురు పట్టిన గుడ్డ తుడుచుకొనుటకైనను పనికిరాదు. ఇంకను తొడుగదగిన పంట్లామును సంచికొరకు కోయుటయు నాకు సమ్మతము కాదు. అతుకు వేసి తొడుగవచ్చును, లేదా అవసరమున్నవారికి ఈయవచ్చును.

ఉప్పునీట నానవేసినచో రంగు నిలుచునని పలువురు చెప్పుదురు. నీటిలో కరగని నీలిమందు విషయమున అది పనిచేయదు. పైపైనున్న పొడి రాలిపోవువరకు రంగు అంటుచునే యుండును. కనుక క్రొత్తగా కుట్టిన సంచిని మూడు నాలుగుసార్లు విడిగా ఉతికి, నీరు తేటగా వచ్చిన తరువాతనే తెల్లచొక్కామీద తగిలించుకొనవలెను.