వేలంపాటకు వెళ్లే ముందు లెక్క కట్టండి

పచ్చిగడ్డి తరలించడానికి, చాఫ్ కట్టర్ నడపడానికి ట్రాక్టరు కొనదలచిన సంఘాలు వేలంపాటల గురించి మమ్మల్ని అడుగుతున్నాయి. బాకీ తీరక బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు స్వాధీనం చేసుకున్న ట్రాక్టర్లను వేలం వేయడం మామూలే. అక్కడ చౌకగా దొరికే మాట నిజమే. చౌక అనుకున్నది ఖరీదై కూర్చోవడమూ నిజమే.

మేము చూసిన ఒక పాటలో సంఘం తరఫున వచ్చిన పెద్దమనిషి పొరుగూరివారితో పంతానికి దిగారు. పాట గెలిచారు. బండి ఊరు చేరాక టైర్లు, క్లచ్ మార్చేసరికి ఖర్చు బజారు ధరను మించిపోయింది. ఆ సంవత్సరం సభ్యుల బోనసు తగ్గింది. పంతం ఒకరిది, నష్టం పాలు పోసిన అందరిదీ.

అందుచేత హద్దును పాలకవర్గమే ముందుగా నిర్ణయించాలి. ఉదాహరణకు, అదే రకం పాత ట్రాక్టరు మంచి స్థితిలో ఉన్నది మీ ప్రాంతంలో 4,00,000 రూపాయలకు దొరుకుతుందనుకుందాం. అందులోనుంచి టైర్లు, బ్యాటరీకి 55,000, క్లచ్ మరమ్మతుకు 20,000, తరలింపు, కాగితాలకు 10,000, కంటికి కనబడని లోపాలకు 15,000 తీసివేయండి. మిగిలిన 3,00,000 రూపాయలే మీ హద్దు. పాట మొత్తంపై పన్ను విడిగా కట్టవలసి ఉంటే అదీ తగ్గించాలి. ఈ అంకెను తీర్మానంలో వ్రాసుకోండి, బయట చెప్పవద్దు.

ఇటువంటి వేలాలు సాధారణంగా "ఉన్నది ఉన్నట్లుగా, ఉన్నచోటనే" అనే షరతుపై జరుగుతాయి. కొన్నాక లోపం చూపితే వినేవారుండరు. బండిని చూపించే రోజున మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లండి. ఇంజను చల్లగా ఉండగా స్టార్టు చేయించండి. ముందే వేడిచేసి ఉంచితే అనుమానించండి. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు మండుతున్నదని అర్థం. హైడ్రాలిక్ లిఫ్టు బరువు మోస్తున్నదో లేదో, పి.టి.ఓ. షాఫ్టు తిరుగుతున్నదో లేదో చూడండి. ఇంజను, ఛాసిస్ నంబర్లు ఆర్.సి.తో సరిపోవాలి. పేరు మార్పుకు కావలసిన కాగితాలు ఎన్ని రోజుల్లో ఇస్తారో వ్రాతపూర్వకంగా అడగండి.

పాటలో సంఘం తరఫున ఒక్కరే మాట్లాడాలి. మొదట పాడనక్కరలేదు. పోటీ నెమ్మదించాక చిన్న మొత్తాలతో పెంచండి. హద్దు రాగానే ఆగండి. ఆన్‌లైన్ వేలమైనా నియమం ఇదే.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, పాట ముగిసిందని ప్రకటించేవరకు పాటదారు తన పాటను వెనక్కు తీసుకోవచ్చు. అయితే షరతులనుబట్టి ధరావతు పోవచ్చు. వాటిని ముందే చదవండి. ధర పెంచడానికి అమ్మేవారు దొంగపాట పాడిస్తే, కొన్నవారు ఆ కొనుగోలును రద్దు చేసుకోవచ్చునని కూడా అదే సెక్షన్ చెబుతున్నది.

ఒట్టి చేతులతో తిరిగివచ్చిన ప్రతినిధిని తప్పుపట్టవద్దని పాలకవర్గాలకు మా మనవి. ట్రాక్టరు మరో పాటలో దొరుకుతుంది. లీటరు లీటరుగా పోగైన సొమ్ము అంత తేలికగా తిరిగిరాదు.