వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడైతే..!

రీల్స్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరు ఐస్ గడ్డలు నింపిన టబ్‌లోకి దూకుతుంటారు. 'రోజూ చన్నీళ్ల స్నానం చేయండి... కొవ్వు కరుగుతుంది, డిప్రెషన్ పోతుంది, జలుబే రాదు' అని కింద క్యాప్షన్. అది చూసి తెల్లారేసరికి గీజర్ స్విచ్ ఆపేసేవాళ్లు కొందరైతే, అదే రీల్‌ని నాన్నకీ ఫార్వర్డ్ చేసేవాళ్లు ఇంకొందరు. చిక్కంతా ఇక్కడే. ఇరవై ఏళ్ల కుర్రాడి గుండె తేలిగ్గా తట్టుకునే చలిని, బీపీ మాత్ర వేసుకునే యాభై ఏళ్ల మనిషి గుండె తట్టుకోలేకపోవచ్చు. అందుకే చన్నీళ్ల స్నానంలో లాభమెంత, ప్రచారమెంత అన్నది తెలుసుకున్నాకే మగ్గు చేతిలోకి తీసుకోండి.

ఒంట్లో ఏం జరుగుతుంది?

చల్లటి నీళ్లు మీద పడగానే 'హా' అంటూ ఊపిరి లోపలికి లాగేస్తాం. అది మన చేతిలో ఉండదు. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. గుండె వేగం, బీపీ రెండూ పెరుగుతాయి. దీన్నే 'కోల్డ్ షాక్' అంటారు. అదే సమయంలో నోర్‌అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. నిద్రమత్తు ఠక్కున వదిలిపోవడంలో దీని పాత్ర ఉంది.

మరి 'డోపమైన్ 250 శాతం పెరుగుతుంది' అంటుంటారే, అదెక్కడిది? 2000లో వచ్చిన ఓ అధ్యయనంలోది. అందులో పాల్గొన్నవాళ్లు 14 డిగ్రీల నీళ్లలో ఏకంగా గంటసేపు కూర్చున్నారు. మన రెండు నిమిషాల స్నానానికి ఆ అంకె తగిలించడం కుదరదు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఈ విషయంలో పెద్ద పరిశోధన నెదర్లాండ్స్‌లో జరిగింది. ఫలితాలు 2016లో వచ్చాయి. 18 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు 3,018 మంది పాల్గొన్నారు. కొందరు మామూలుగానే స్నానం చేశారు. మిగతావాళ్లు నెలరోజులపాటు రోజూ వేణ్నీళ్ల స్నానం చేసి, చివర్లో 30, 60 లేదా 90 సెకన్లు చన్నీళ్ల కింద నిలబడ్డారు. చన్నీళ్లవాళ్లు ఒంట్లో బాలేదని ఆఫీసుకు పెట్టిన సెలవులు 29 శాతం తగ్గాయి. అయితే వాళ్లు జబ్బుపడ్డ రోజులు మాత్రం తగ్గలేదు. అంటే జలుబు రాకుండా పోలేదు, వచ్చినా పనికి వెళ్లగలిగారన్నమాట. పైగా తాము చన్నీళ్ల గ్రూపులో ఉన్నామని వాళ్లకు తెలుసు. 'మనకేం కాదు' అన్న నమ్మకం కూడా కొంత పనిచేసి ఉండొచ్చు.

ఇంకో ఆసక్తికరమైన సంగతి... 30 సెకన్లు నిలబడ్డవాళ్లకీ, 90 సెకన్లు నిలబడ్డవాళ్లకీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. గంటలు గంటలు వణకక్కర్లేదు, వేణ్నీళ్లకు కాసిని చన్నీళ్లు తోడైతే చాలు!

ఇవి మాత్రం నమ్మొద్దు

కొవ్వు కరుగుతుందా? చలికి శరీరం కొన్ని కేలరీలు ఖర్చుచేసే మాట నిజమే. కానీ రెండు నిమిషాల షవర్‌తో బరువు తగ్గుతారనుకుంటే నిరాశే.

డిప్రెషన్ పోతుందా? కాసేపు హుషారు రావడం వేరు, జబ్బు నయమవడం వేరు. డాక్టర్ ఇచ్చిన మందులు ఆపేసి షవర్‌ని నమ్ముకోవద్దు.

జిమ్ తర్వాత మంచిదా? బరువులెత్తాక ప్రతిసారీ 10 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు కూర్చున్నవాళ్లలో కండ పెరగడం తగ్గిందని 2015 నాటి ఓ పరిశోధన తేల్చింది. కండ పెంచాలనుకునేవాళ్లు వర్కవుట్ అవ్వగానే ఐస్ టబ్‌లోకి దిగకపోవడమే మేలు.

నిద్ర పడుతుందా? దానికి వేణ్నీళ్లే నయం. పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు వేడినీళ్ల స్నానం చేస్తే నిద్ర త్వరగా పడుతుంది. చన్నీళ్లను పొద్దుటికి ఉంచుకోండి.

ఎలా మొదలెట్టాలి?

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు రెండుపూటలా చన్నీళ్లతోనే తలస్నానం చేస్తారు. వాళ్లనడిగితే చెబుతారు, మొదటి నాలుగైదు రోజులే కష్టమని. సైన్సూ ఆ మాటే అంటుంది. మూడేసి నిమిషాల చొప్పున ఐదారుసార్లు చన్నీళ్లలో మునిగితే చాలు, కోల్డ్ షాక్ దాదాపు సగానికి తగ్గుతుందని బ్రిటన్‌లోని పోర్ట్స్‌మౌత్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మైక్ టిప్టన్ బృందం పరిశోధనలు చెబుతున్నాయి.

* మొదటి వారం: ఎప్పట్లాగే గోరువెచ్చని నీళ్లతో స్నానం ముగించి, చివర్లో 15 సెకన్లు చన్నీళ్లు.
* రెండో వారం: 30 సెకన్లు. మూడో వారం నుంచి నిమిషం. అంతకుమించి పోటీ పెట్టుకోవద్దు.
* బకెట్ స్నానమైతే మొదటి మగ్గు పాదాలమీద, రెండోది మోకాళ్లమీద, తర్వాత చేతులు, భుజాలు, వీపు. తలమీద చివర్లోనే. ఒక్కసారిగా నెత్తిన గుమ్మరించుకోవద్దు.
* ఊపిరి బిగబట్టొద్దు. నోటితో నెమ్మదిగా, పొడవుగా వదలండి. ఊపిరి అదుపులోకి వచ్చాకే రెండో మగ్గు.
* అవ్వగానే ఒళ్లు తుడుచుకుని పొడిబట్టలు వేసుకోండి.

నీళ్లలో ఐస్ వేయాల్సిన పనిలేదు. కుళాయి నీళ్లు చాలు. మే నెలలో మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు ఎలాగూ కాగిపోయి ఉంటాయి కాబట్టి, అప్పుడు తెల్లవారుజామునే కానిచ్చేయండి. అలవాటు లేనివాళ్లు డిసెంబర్ చలిలో కాకుండా కాస్త వెచ్చటి రోజుల్లో మొదలెడితే తేలిక.

వీళ్లు ఆగాలి

గుండెజబ్బు, హైబీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా మొదలెట్టొద్దు. చలికి వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కేవాళ్లు, చల్లదనానికి ఒంటిమీద దద్దుర్లు వచ్చేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. జ్వరం, నీరసం ఉన్న రోజు మానేయండి. స్నానం మధ్యలో ఛాతీ పట్టేసినట్టున్నా, తల తిరిగినా వెంటనే ఆపేయాలి. ఛాతీ నొప్పి తగ్గకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఈ లిస్టులో లేకపోతే రేపు పొద్దున్నే 15 సెకన్లతో మొదలుపెట్టండి. ఇక నాన్నకి ఆ రీల్ పంపేముందు ఒక్కమాట అడగండి: "బీపీ చూపించుకుని ఎన్నాళ్లయింది నాన్నా?"