స్వల్ప వ్యయముతో శుభ్రత

తెలంగాణమునకు దక్షిణ భాగమున నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలు కలవు. 2016వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట ఈ రెండు పాత జిల్లాలనుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల మొదలగు క్రొత్త జిల్లాలు ఏర్పడినవి. జిల్లాల పేర్లు మారినను నేల స్వభావము మారలేదు. ఎర్రని చల్క నేలలు, రాతిగుట్టలు, వానకై ఎదురుచూచు చెరువులు, లోతైన బావులు ఈ మెట్టసీమల లక్షణములు. ఇచ్చట నీటిని పొదుపుగా వాడవలెను. ధనమును అంతకంటె పొదుపుగా వాడవలెను. కావున ఇల్లు, ఒడలు, వస్త్రములు, పాత్రలు శుభ్రపరచుకొనుటకు ఇచ్చటి ప్రజలు పూర్వము చేరువలో దొరకు వస్తువులనే ఉపయోగించుచుండిరి. కుంకుడుకాయ, సీకాయ, వేపపుల్ల, చింతపండు, బూడిద, ఆముదము, సున్నము అట్టివి.

నేడు వీనిలో ప్రతిదానికిని బదులుగా అంగడిలో ఒక సీసాయో, పొట్లమో దొరకుచున్నది. తలకు ఒకటి, ఒంటికి ఒకటి, పాత్రలకు ఒకటి, నేలకు ఒకటి చొప్పున కొనుచుండగా నెల గడచుసరికి చిన్న సంసారమునకు ఆ వ్యయము భారమగును. అందుచే పలువురు మరల పాత వస్తువులవైపు చూచుచున్నారు. ఈ విషయమున రెండు అభిప్రాయములు వినవచ్చుచుండును. పాతదంతయు మోటుదనమని కొందరందురు. ప్రకృతి ఇచ్చినదంతయు మేలైనదని మరికొందరందురు. పరీక్షింపక పలికినచో రెండును పొరపాటే. ఏ వస్తువు ఏ గుణముచేత పనిచేయునో, ఎచ్చట పనిచేయదో తెలిసికొనినవానికే దానివలన లాభము కలుగును.

మొదట కుంకుడుకాయను చూడుడు. ఎండిన కాయను పగులగొట్టి నల్లని గింజను తీసివైచిన పిదప మిగులు పెచ్చునందే దాని శక్తియంతయు ఉన్నది. ఆ పెచ్చులో సాపోనిన్లు అను పదార్థములు కలవు. సాపోనిన్ అణువునకు ఒక కొన నీటితో కలియు స్వభావమును, మరియొక కొన నూనెతో కలియు స్వభావమును కలిగియుండును. నూనెతో కలియు కొన జిడ్డును పట్టుకొనును. నీటితో కలియు కొన నీటిని విడువదు. నీటిని కుమ్మరించినప్పుడు ఆ నీటితోపాటు జిడ్డును కొట్టుకొనిపోవును. సబ్బు పనిచేయు విధానమును ఇట్టిదే.

అయినను రెంటికిని ఒక భేదము కలదు. ఈ సీమలయందలి పెక్కు బావుల నీటిలోను, బోరు నీటిలోను కాల్షియం, మెగ్నీషియం లవణములు అధికముగా కరగియుండును. అట్టి నీటిని కఠినజలమందురు. ఇంటివారు దానిని చవుడు నీరు, ఉప్పు నీరు అని వ్యవహరింతురు. సబ్బు ఈ లవణములతో కలిసి తెల్లని తెట్టుగా మారును. అందుచే ఎంత రుద్దినను నురుగు రాదు. సబ్బు మాత్రము త్వరగా అరగిపోవును. తలవెండ్రుకలు జిగటగా నుండును. కుంకుడు రసము అట్టి తెట్టును కట్టదు. నీరు కఠినముగా నున్న సీమలో కుంకుడుకాయ నిలిచియుండుటకు ఇది ఒక ముఖ్యకారణము.

దీనిని సిద్ధపరచుట సులభము. పది పన్నెండు కాయలను చితుకగొట్టి, గింజలు తీసి, వేడినీటిలో నానవేసి, పిసికి, పలుచని గుడ్డతో వడగట్టవలెను. ఒకనాటి రసమును ఆనాడే వాడుట మంచిది. నిలువయుంచినచో అది పులిసి చెడిపోవును. అంగడి సీసాలోని ద్రవము నెలల తరబడి చెడకుండుటకు అందు వేరు పదార్థములు చేర్చుదురు. ఇంటిలో ఆ అవసరము లేదు. కాని ఎప్పటికప్పుడు చేసికొను శ్రమ తప్పదు.

కుంకుడు రసము పట్టువస్త్రములకును మేలుచేయును. గద్వాల చీర అంచునకును, పోచంపల్లి పట్టుచీరకును వాడబడు పట్టుదారము పురుగునుండి పుట్టినది. అది మాంసకృత్తులతో ఏర్పడినది. సబ్బునందలి క్షారగుణము ఆ దారమును క్రమముగా బలహీనపరచును. కుంకుడు రసమునకు క్షారగుణము లేదు. అందుచేతనే పట్టుబట్టలను కుంకుడు రసములో జాడించు ఆచారము ఏర్పడినది. కంసాలులు నగలకు మెరుగుపెట్టుటకును దీనినే వాడుచుండిరి.

కుంకుడుకాయకు తోబుట్టువు వంటిది సీకాయ. దాని యందును సాపోనిన్లు కలవు. మహబూబ్‌నగర్ సీమకు దక్షిణమున అమ్రాబాదు పీఠభూమియు, దానిని కప్పియున్న నల్లమల అడవియు కలవు. అచ్చట చెంచులు తరతరములుగా నివసించుచున్నారు. తేనె, బంక, కుంకుడుకాయ, సీకాయ మొదలగు అటవీఫలసాయములను సేకరించుట గిరిజనులకు ఒక జీవనాధారము. ఇట్టి సరకులను దళారుల పాలుగాక న్యాయమైన ధరకు కొనుటకై 1956వ సంవత్సరమున గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. సీకాయ పొడి కొనువారు చెల్లించు రూపాయలో కొంత అడవిలో కాయ ఏరినవారి చేతికి చేరవలెనన్న ఆశయము ఆ వ్యాపారము వెనుక కలదు.

ఇక వంటపాత్రల సంగతి. కట్టెల బూడిదలో పొటాషియం కార్బనేట్ అను క్షారము కలదు. తడిబూడిదతో జిడ్డుపాత్రను తోమినప్పుడు ఆ క్షారము జిడ్డును విడదీయును. బూడిదలోని సన్నని రేణువులు మకిలిని ఒరసివేయును. చవుడు మట్టితో చాకలివారు బట్టలు ఉడికించి ఉతుకుటలోను ఈ క్షారగుణమే ఉపకరించెడిది. ఇత్తడి, రాగి పాత్రలకు మాత్రము చింతపండు కావలెను. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము లోహముపై పేరుకొనిన నల్లని పొరను, చిలుమును కరగించును. క్రింది లోహము తళతళలాడును. అయితే కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచినచో ఆ ఆమ్లమే లోహమును ఆహారములోనికి దింపును. పెద్దలు ఇత్తడి పాత్రలకు లోపల తగరపు కళాయి వేయించుచుండుటకు కారణమిదియే. అట్లే అల్యూమినియం పాత్రలను బూడిదతో తోమరాదు. క్షారము ఆ లోహమును తినివేయును.

ఈ మెట్టనేలల ప్రత్యేకమైన పంట ఆముదము. తక్కువ వానతో చల్క నేలలో పండుటచే పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు ఆముదపు పంటకు పేరు పొందినవి. నాగర్‌కర్నూల్ జిల్లాలోని పాలెము వ్యవసాయ పరిశోధన స్థానమున ఈ పంటపై చాలకాలముగా పరిశోధనలు జరుగుచున్నవి. ఆముదమును తలకు రాయుదురు. పగిలిన మడమలకు పట్టింతురు. బండి ఇరుసులకును పూయుచుండిరి. కందులు, పెసలు నిలువచేయునప్పుడు కొద్దిగా ఆముదము పట్టించుట ఇచ్చటి గృహిణులు ఎరిగిన ఉపాయము. గింజపై నూనెపొర ఉన్నచో పురుగు గ్రుడ్లు పెట్టుటకు, పెట్టిన గ్రుడ్లు పొదుగుటకు అడ్డు కలుగును. ఇందుకు విషపు మందు అక్కరలేదు.

అట్టి మేలైన నూనెనిచ్చు గింజలోనే రైసిన్ అను ఘోరమైన విషము ఉన్నది. అది నూనెలో కరగదు, పిండిలో మిగిలిపోవును. కావుననే ఆముదపు పిండి పొలమునకు ఎరువుగా వేయుదురు గాని శుద్ధిచేయని పిండిని పశువులకు పెట్టరు. పిల్లలు ఆముదపు గింజలను నమలరాదు. ఒకే గింజలో ఔషధమును విషమును ఉండుటను బట్టి ప్రకృతి వస్తువులన్నియు నిరపాయములు కావని స్పష్టమగుచున్నది.

వేపచెట్టు విషయము లోకమునకెల్ల తెలిసినది. వేపపుల్లను నమలి కుంచెవలె చేసి పండ్లు తోముట, బియ్యపు కుండలో ఎండిన వేపాకు వేయుట మన ఇండ్లలో సామాన్యములు. 1994వ సంవత్సరమున ఐరోపా పేటెంటు కార్యాలయము వేపనూనెతో బూజుతెగుళ్లను అరికట్టు పద్ధతిపై అమెరికా వ్యవసాయ శాఖకును, ఒక వ్యాపార సంస్థకును హక్కు ఇచ్చినది. ఈ పద్ధతి భారతదేశమున ముందే తెలిసినదని పలువురు అభ్యంతరము తెలుపగా 2000వ సంవత్సరమున ఆ హక్కు రద్దయ్యెను. 2005లో అప్పీలును కొట్టివేయబడెను. పసుపు గాయములను మాన్పుననుటపై అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటు సైతము మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథములను సాక్ష్యముగా చూపుటచే 1997లో రద్దయినది. పెరటి జ్ఞానమైనను వ్రాతలో నిలిచియున్నచో ఎంతటి రక్షణయగునో దీనివలన తెలియును.

అయినను ప్రకృతిసిద్ధమన్న మాట ఒక్కటే ప్రమాణము కాదని నల్లగొండ సీమ తన దేహముతోనే అనుభవించినది. ఇచ్చటి రాతిపొరలలోని ఫ్లోరైడు భూగర్భజలములో కరగును. ఆ నీటికి రంగు లేదు, వాసన లేదు. చూచుటకు తేటగా నుండును. అది ఏ కర్మాగారమునుండియు వచ్చినది కాదు. పూర్తిగా ప్రకృతి ఇచ్చినదే. కాని త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని శాస్త్రజ్ఞులు నిర్ణయించియుండగా, మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతములలోని పెక్కు గ్రామముల నీటిలో అంతకు మించి ఉండెను. ఆ నీరు త్రాగిన పిల్లల పండ్లు గారపట్టినవి. పెద్దల ఎముకలు బిగిసి, వెన్ను వంగినది. ఎందరో జీవితకాలమంతయు ఆ బాధ ననుభవించిరి.

దానికి కనుగొన్న ఒక ఉపాయమును సామాన్యమైన వస్తువులతో కూడినదే. 1970వ దశకమున నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటిక, సున్నము తగిన పాళ్లలో నీటిలో కలిపి, ఏర్పడిన మడ్డిని అడుగునకు దింపి, ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించిరి. సూక్ష్మజీవులను చంపుటకు బ్లీచింగు పొడిని చేర్చిరి. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు వచ్చి, ఆ పేరు విదేశములకును వ్యాపించినది. అనంతరము కృష్ణాజలములను శుద్ధిచేసి గొట్టముల ద్వారా గ్రామములకు చేర్చుట శాశ్వతమైన మార్గమైనది. పటికయు సున్నమును ఇంటింట నున్నవే. కాని ఎంత పాలు కలుపవలెనో తెలుపుటకు పరీక్ష కావలసివచ్చెను.

ఈ పాఠమును పరిశుభ్రతకును అన్వయింపవలెను. కుంకుడు రసము కంటిలో పడినచో మంట పుట్టించును. వెంటనే మంచినీటితో కడుగుకొనవలెను. అది చేపలకు విషము. కావున ఆ నీటిని చెరువులో పారబోయరాదు. ఇటుకపొడి, ముతక బొగ్గుపొడి పండ్లపై పింగాణిని అరగదీయును. ఒకసారి అరగిన పింగాణి మరల పెరగదు. పొగాకు పొడితో పండ్లు తోముట నోటి రోగములకు దారితీయును. వేపాకు పొగ దోమలను కొంత తరుమును గాని, మూసిన గదిలో ఆ పొగను పీల్చుట ఊపిరితిత్తులకు హాని. పుండుపై బూడిదయు, పసికందు బొడ్డుపై పేడయు ఎన్నడును పూయరాదు. దానివలన ధనుర్వాతము రావచ్చును.

చేతులు కడుగుకొనుటకు మాత్రము సబ్బును విడువరాదు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలినప్పుడు లోకమంతయు ఈ సంగతిని గ్రహించినది. ఆ సూక్ష్మజీవి పైపొర క్రొవ్వుతో కూడినది. సబ్బునీరు ఆ పొరను ఛేదించును. సామాన్యమైన చవుక సబ్బుబిళ్ల ఇందుకు చాలును. పొదుపు కోరువారు పరిమళమునకును పైకాగితమునకును ఇచ్చు ధనమును తగ్గించుకొనవచ్చును గాని సబ్బునే మానుకొనరాదు.

పొదుపు విషయమున లెక్క వ్రాసి చూచుట ఉత్తమము. ఒక మాసమున శుభ్రతకై కొన్న వస్తువులను, వాని ధరలను, అవి ఎన్ని దినములు వచ్చినవో ఒక కాగితముపై వ్రాయవలెను. ఉదాహరణమునకు తలకు వాడు ద్రవమునకు బదులు కుంకుడుకాయ వాడుటచే ఒక ఇంటికి నెలకు 60 రూపాయలు మిగిలెననుకొన్నచో, ఏడాదికి 720 రూపాయలగును. అది ఒక విద్యార్థి పుస్తకములకు ఉపకరింపవచ్చును. చేతనున్న సీసాలను పారవేసి క్రొత్తవానిని ఒక్కసారిగా కొనుట పొదుపు కాదు. ఉన్న వస్తువు అయిపోయిన పిదప ఒక్కొక్కదానినే మార్చవలెను. ప్రకృతి అను పేరు పెట్టి అధికధరకు అమ్ము పొట్లమును కొనుటయు పొదుపు కాదు. అదే కాయ సంతలో విడిగా దొరకును.

వ్యయమనగా ధనము మాత్రమే కాదు. కుంకుడుకాయలు కొట్టుట, నీరు కాచుట, బూడిదతో తోముట శ్రమతో కూడిన పనులు. ఆ శ్రమ చాల ఇండ్లలో తల్లిమీదనే పడుచున్నది. దూరమునుండి నీరు మోసిన చేతులకు మరియొక పని అప్పగించి రూపాయి మిగిలినదనుట న్యాయము కాదు. ఇంటిలోని బాలురును బాలికలును ఆ పనిని పంచుకొన్నప్పుడే ఆ పొదుపు నిజమైన పొదుపగును. ఆదివారమునాడు కాయలు చితుకగొట్టి గింజలు తీయుట ఎనిమిదవ తరగతి విద్యార్థికి కష్టమైన పని కాదు.

చేరువనున్నదానిని చులకన చేయక, ప్రకృతిదను పేరు విని మోసపోక, ప్రతి వస్తువు గుణమును దోషమును తెలిసికొని వాడుట వివేకవంతుల లక్షణము. అట్టి వివేకమున్న ఇంటిలో స్వల్ప వ్యయముతోనే శుభ్రతయు ఆరోగ్యమును నెలకొనును.