వైఫై పెట్టె గొంతు తగ్గించండి

సిడ్నీకి పడమర, పారమట్టాని ఆనుకుని ఉన్న హారిస్ పార్క్‌ని అందరూ లిటిల్ ఇండియా అంటారు. విగ్రమ్ స్ట్రీట్‌లో పాతకాలపు చిన్న ఇళ్లు హోటళ్లయ్యాయి, చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. ఇలాంటి చోట ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే మన పేరు వెతుక్కోవాలి. నెట్ నెమ్మదిస్తే ముందు కంపెనీని తిడతాం గానీ, చాలాసార్లు తప్పు తీగది కాదు, గాలిది. దాన్ని సరిచేసుకునే వీలు మన ఇంట్లోనే ఉంది. వైఫై పెట్టె (యాక్సెస్ పాయింట్) అడుగున చీటీ మీద 192.168.1.1 లాంటి అంకెలుంటాయి. వాటిని బ్రౌజర్‌లో కొడితే ఆ పెట్టె తన సెట్టింగుల పేజీని తానే చూపిస్తుంది.

వైఫైలో గోడలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనుల మధ్య సంకేతాన్ని నిలబెట్టే పద్ధతికి 1996లో అమెరికా పేటెంట్ పొందింది ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్‌ఓ. సిడ్నీలో ఆ పని చేసిన జాన్ ఓసల్లివన్ బృందానిది రేడియో ఖగోళశాస్త్ర నేపథ్యం. గోడల గొడవ అలా తీరింది, పొరుగు పెట్టెల గొడవ మిగిలింది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఇక్కడ 13 ఛానెళ్లున్నా వాటి మధ్య ఎడం 5 మెగాహెర్ట్జే. ఒక్కో ప్రసారానికి 20 దాకా కావాలి. ఒకదాన్నొకటి తొక్కకుండా మామూలుగా వాడేవి 1, 6, 11. ఒకే ఛానెల్‌లోని పెట్టెలు మర్యాదస్తులు, ఒకటి మాట్లాడుతుంటే రెండోది ఆగుతుంది. పక్క ఛానెల్ మాట మాత్రం వాటికి మాటగా అందదు, రొదగా వినిపిస్తుంది. అందుకే ‘ఖాళీగా ఉంది కదా’ అని 3 ఎంచుకున్నవాళ్లు అటు 1నీ ఇటు 6నీ చెడగొట్టి తామూ చెడతారు.

ఛానెల్‌తో పాటు పెట్టె పవర్ కూడా తగ్గించాలి. పవర్ తగ్గిస్తే సిగ్నల్ పోదా అనొచ్చు. కొంత పోతుంది, 3 డెసిబెల్స్ తగ్గిస్తే శక్తి సగమవుతుంది. కానీ ఫోన్ గొంతు సాధారణంగా పెట్టె గొంతు కన్నా చిన్నది. పెట్టె ఎంత అరిచినా ఫోన్ జవాబు వెనక్కి చేరకపోతే లాభమేమిటి? ఆ అరుపు వల్ల ఎదురింటివాళ్ల పెట్టె తన వంతు కోసం మరింతసేపు ఆగాల్సి వస్తుంది, అంతే. ఛానెల్‌ని ‘ఆటో’కి వదిలేస్తే అన్నీ అదే చూసుకుంటుందన్న వాదనలో సగమే నిజం: కొన్ని పెట్టెలు ఆన్ చేసినప్పుడే ఛానెల్ ఎంచుకుంటాయి, సాయంత్రం రద్దీ వాటికి తెలియదు. ఇక అన్నిటినీ ఒకేచోట నుంచి నడిపే కంట్రోలర్ ముప్పై పెట్టెల ఆసుపత్రికి తప్పనిసరి. రెండు మూడు పెట్టెల హోటల్‌కి అది దండగ ఖర్చని నా అభిప్రాయం. ఒక్కోదాని పేజీ తెరిచి ఛానెళ్లు వేరుచేస్తే చాలు.

ఆ పేజీకి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంచడం మాత్రం ప్రమాదం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ అలాంటి పాస్‌వర్డ్‌లతోనే లక్షల పరికరాల్లో చొరబడింది. కాబట్టి పాత సెట్టింగులు కాగితం మీద రాసుకుని, ముందు పాస్‌వర్డ్ మార్చండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి దించి, ఛానెల్ 1, 6, 11లో ఒకటి పెట్టి, పవర్ ‘మీడియం’ చేసి రెండు రోజులు చూడండి.